వారాల్లో వినికిడి పడిపోతుంటే ఏం చేయాలి, ఏ మందు ఎందుకు ఇస్తారు

చెవి దిబ్బడేసిందిలే అనుకుని నేను 18 రోజులు పోగొట్టుకున్నా. ఒకరోజు పొద్దున్నే ఫోన్ కుడి చెవికి పెట్టుకుంటే అవతలి మనిషి దుప్పటి ముసుగేసుకుని మాట్లాడుతున్నట్టు వినిపించింది, ఫోన్ పాడైందేమో అని ఎడమ చెవికి మార్చా, అక్కడ శుభ్రంగా వినపడింది, సరే జలుబు చేసిందేమో అనుకున్నా. ఒక క్లినిక్‌లో చెవిలోకి లైటు వేసి చూసి గులిమి కరిగే చుక్కలు, ముక్కులోకి స్ప్రే ఇచ్చారు, వారం తర్వాత వెళ్తే మళ్లీ అవే రాశారు. మొదటి ఆడియోగ్రామ్ (వినికిడి ఎంతుందో కొలిచి గీసే గ్రాఫ్) తీసే టైముకి కుడి చెవి సగం పైగా పోయింది, ఇంకో రెండు నెలలకి ఎడమ చెవి కూడా అదే దారి పట్టింది.

నేను డాక్టర్‌ని కాదు, ఈ జబ్బుతో ఏళ్లుగా కాపురం చేస్తున్న పేషెంట్‌ని. కింద డోసులు కూడా రాశా, అవి మీరు సొంతంగా కొనుక్కుని వేసుకోడానికి కాదు, డాక్టర్ రాసిన చీటీ చూసి సరైన ప్రశ్న అడగడానికి. ఈ విషయంలో ఊరుకుంటే పోయేది డబ్బో టైమో కాదు, చెవి.

ముందు ఇది ఏ రకమో తేల్చుకోండి

వినికిడి తగ్గడం మూడు వేగాల్లో ఉంటుంది. వయసుతో వచ్చేది ఏళ్ల మీద మెల్లగా తగ్గుతుంది, రెండు చెవులూ దాదాపు సమానంగా. రెండోది దానికి పూర్తిగా ఆపోజిట్, 72 గంటల్లోపే వరసగా మూడు ఫ్రీక్వెన్సీల్లో 30 డెసిబెల్స్ గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడిపోతుంది, ఎక్కువగా ఒక్క చెవికే, దాన్ని సడన్ సెన్సోరిన్యూరల్ హియరింగ్ లాస్ అంటారు. ఈ రెండింటి మధ్యలో ఉండేదే మన సబ్జెక్టు, వారాల నుంచి ఒక మూడు నెలల లోపు వినికిడి గబగబా జారిపోవడం, చాలాసార్లు రెండు చెవులకీ, కానీ ఒకటి ముందు ఒకటి వెనక, మధ్యలో రెండ్రోజులు బాగైనట్టు అనిపించి మళ్లీ పడిపోవడం. ఆ "బాగైనట్టు అనిపించడమే" మోసం చేస్తుంది, తగ్గిపోతోందిలే అని అపాయింట్‌మెంట్ కాన్సిల్ చేసుకుంటాం.

ఇంట్లోనే చేసుకోగలిగే చిన్న టెస్ట్ ఒకటుంది. నోరు మూసుకుని "మ్..." అని గట్టిగా మూలిగినట్టు చేయండి. ఆ శబ్దం వినపడని చెవి వైపు ఎక్కువగా మోగితే అడ్డం బయటి చెవిలోనో మధ్య చెవిలోనో ఉన్నట్టు, అంటే గులిమి, నీరు, జలుబు లాంటివి. బాగున్న చెవి వైపు మోగితే అనుమానించాల్సింది లోపలి చెవిని. ఈఎన్‌టీ డాక్టర్ ట్యూనింగ్ ఫోర్క్ కొట్టి నుదుటి మధ్యలో పెట్టి అడిగేది కూడా ఇదే ప్రశ్న. రెండు చెవులూ ఒకేలా పోయినప్పుడు ఈ టెస్ట్ పనికిరాదు, తేడా తెలీదు కాబట్టి. మీకు ఎటు మోగినా సరే ఇది చూసుకుని ఇంట్లో కూర్చోడానికి కాదు, "మూలిగితే శబ్దం మంచి చెవి వైపు వెళ్తోందండి, ఆడియోగ్రామ్ ఇవాళే తీయించాలా?" అని అడగడానికి.

ఒక విషయం మాత్రం వేరు. వినికిడి పోవడంతో పాటు మూతి ఒక పక్కకి వంకర పోయినా, ఒకటి రెండుగా కనపడినా, మాట ముద్దగా వస్తున్నా, నడిస్తే ఒక పక్కకి తూలిపోతున్నా అది చెవి డాక్టర్ పని కాదు, నేరుగా ఎమర్జెన్సీకే. లోపలి చెవికి రక్తం ఇచ్చే ధమని చిన్నమెదడు వైపు వెళ్లే రక్తనాళం నుంచే చీలుతుంది, అక్కడ స్ట్రోక్ వస్తే మొదట చెవి పోయిన కేసులు ఉంటాయి. అలాగే జ్వరం, మెడ పట్టేయడం, విపరీతమైన తలనొప్పితో పాటు వినికిడి తగ్గితే మెనింజైటిస్ (మెదడు పొరలకి ఇన్‌ఫెక్షన్) అనుమానించాలి, అప్పుడు కూడా అంతే.

ఆడియోగ్రామ్ ఎందుకంత ముఖ్యం

దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే నాకు తెలిసిన చాలామంది మందుల గురించి వంద ప్రశ్నలు అడుగుతారు, ఆడియోగ్రామ్ కాగితం మాత్రం ఎక్కడో పారేసుకుంటారు. ఈ జబ్బులో మందు పనిచేస్తోందా లేదా చెప్పేది మీ ఫీలింగ్ కాదు, బ్లడ్ రిపోర్ట్ కూడా కాదు, ఆ గ్రాఫే.

గ్రాఫ్ చదవడం కష్టమేం కాదు. అడ్డంగా ఫ్రీక్వెన్సీలు, ఎడమ వైపు 250 హెర్ట్జ్ దగ్గర లావు శబ్దాలు, కుడి చివర 8000 దగ్గర సన్న శబ్దాలు. నిలువుగా డెసిబెల్స్, కిందికి వెళ్లేకొద్దీ వినికిడి తక్కువ అని. ఎర్ర సున్నాలు కుడి చెవి, నీలం ఇంటూ గుర్తులు ఎడమ చెవి. ఇవి కాక బ్రాకెట్ల లాంటి గుర్తులు ఉంటాయి, అవి ఎముక ద్వారా విన్నవి. ఎముక ద్వారా బాగా వినపడి గాలి ద్వారా వినపడకపోతే అడ్డం బయటి చెవిలోనో మధ్య చెవిలోనో, రెండూ కలిసి కిందికి దిగిపోతే లోపలి చెవి గానీ నరం గానీ. కింద మూలన స్పీచ్ డిస్క్రిమినేషన్ అని ఒక శాతం ఉంటుంది, గట్టిగా వినిపించినా మాటల్లో ఎన్ని సరిగ్గా పట్టుకున్నారు అని. ఇది చాలామంది వదిలేసే నంబర్. ఒక దశలో నా ఎడమ చెవి గ్రాఫ్ పెద్దగా దిగలేదు గానీ ఈ శాతం 92 నుంచి 60కి పడింది, శబ్దం వినపడుతుంది కానీ "బండి" అన్నారో "బడి" అన్నారో తెలీదు, అసలు కంప్లైంట్ అదే అప్పుడు.

కాబట్టి మొదటి గ్రాఫ్ మందు మొదలుపెట్టే ముందే తీయించండి, ఆ రోజు కుదరకపోతే ఒకటి రెండు రోజుల్లో. తర్వాత మందు మీద ఉన్నంత కాలం వారం రెండు వారాలకొకటి, వీలైతే ఒకే చోట ఒకే మెషిన్ మీద. ప్రతి దాని ఫోటో తీసి తేదీ, ఆ రోజు వేసుకుంటున్న స్టెరాయిడ్ (వాపుని, ఇమ్యూన్ దాడిని తగ్గించే మందు) డోసు రాసి పెట్టుకోండి. సగటున 10 డెసిబెల్స్ పైన మెరుగుపడినా, మాటల శాతం 12 పైన పెరిగినా సాధారణంగా మందు పనిచేసినట్టు లెక్క. అంతకన్నా తక్కువ తేడా ఆ రోజు మీ మూడ్ వల్ల కూడా రావచ్చు.

లోపల ఏం జరుగుతుందంటే

లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో రెండున్నర చుట్లు తిరిగి ఉండేది కాక్లియా. దాంట్లో శబ్దాన్ని పట్టుకునే హెయిర్ సెల్స్ సుమారు 15 వేలు ఉంటాయి, పుట్టుకతో వచ్చినవే, చచ్చిపోతే మళ్లీ మొలవవు. పక్క గోడలో స్ట్రయా వాస్కులారిస్ అని రక్తనాళాల పట్టీ ఉంటుంది, అది బ్యాటరీలా పనిచేస్తూ లోపలి ద్రవాన్ని ఛార్జ్‌లో ఉంచుతుంది. సెల్స్ బతికే ఉండి బ్యాటరీ దిగిపోతే కూడా వినపడదు, తేడా ఏంటంటే బ్యాటరీని మళ్లీ ఎక్కించవచ్చు. స్టెరాయిడ్ వేయగానే కొందరికి వారంలో వినికిడి వెనక్కి రావడానికి, ఇంకొందరికి ఎంత వేసినా రాకపోవడానికి ఒక కారణం ఇదే, ఆలస్యం అయ్యేకొద్దీ బ్యాటరీ కేసు కాస్తా సెల్స్ చచ్చిపోయిన కేసు అవుతుంది. పైగా కాక్లియాకి రక్తం తెచ్చే ధమని ఒక్కటే, అది మూసుకుంటే పక్క దారి లేదు.

ఇక కారణాలు. ముందు మీరు వేసుకున్న మందుల లిస్టు చూడండి, ఎందుకంటే వెంటనే ఏదో ఒకటి చేయగలిగిన కారణం ఇదే. అమికాసిన్, జెంటామైసిన్, కనామైసిన్, స్ట్రెప్టోమైసిన్ లాంటి అమైనోగ్లైకోసైడ్ ఇంజెక్షన్లు, టీబీకో పెద్ద ఇన్‌ఫెక్షన్‌కో వారాల తరబడి ఇచ్చినప్పుడు మొదట సన్న శబ్దాలు పోతాయి, తర్వాత మాటల దాకా దిగుతుంది, మందు ఆపేశాక కూడా కొన్ని వారాలు తగ్గుతూనే ఉండొచ్చు. జెంటామైసిన్, స్ట్రెప్టోమైసిన్ ఎక్కువగా బ్యాలెన్స్ భాగాన్ని కొడతాయి, చీకట్లో నడిస్తే తూలడం దానికి గుర్తు. కొన్ని కుటుంబాల్లో తల్లి వైపు నుంచి మైటోకాండ్రియా అనే కణభాగపు డీఎన్‌ఏలో 1555 అనే చోట ఒక మార్పు వస్తుంది, వాళ్లకి ఈ ఇంజెక్షన్ మామూలు డోసులోనే చెవులు తీసేయగలదు, అందుకే అమ్మకో మేనమామకో ఇంజెక్షన్ తర్వాత చెవుడొచ్చింది అని ఇంట్లో అనుకునే మాట ఉంటే డాక్టర్‌కి చెప్పి తీరాలి. క్యాన్సర్‌కి ఇచ్చే సిస్ప్లాటిన్ ఇంకో పెద్దది, అది కాక్లియాలో నెలలు ఏళ్లు ఉండిపోతుంది. ఒంట్లో నీరు తీసే ఫ్యూరోసెమైడ్ నరంలోకి వేగంగా ఎక్కించినా, ఆస్పిరిన్ పెద్ద డోసుల్లో వాడినా, క్వినైన్ వాడినా వినికిడి తగ్గుతుంది కానీ ఇవి చాలావరకు ఆపితే వెనక్కి వస్తాయి. ఫ్యూరోసెమైడ్, అమైనోగ్లైకోసైడ్ రెండూ కలిస్తే మాత్రం దెబ్బ రెట్టింపు. ఇవన్నీ సొంతంగా ఆపేయకండి, ప్రాణం కోసం ఇచ్చే మందులు అవి, రాసిన డాక్టర్‌కి అదే రోజు ఫోన్ చేసి చెవి సంగతి చెప్పండి, డోసు మార్చడమో వేరేదానికి మార్చడమో వాళ్లు చూస్తారు. పిల్లల్లో ఒక చోటే ఉండి వ్యాపించని ట్యూమర్లకి సిస్ప్లాటిన్ ఇస్తే తర్వాత కొన్ని గంటలకి సోడియం థయోసల్ఫేట్ ఎక్కించి చెవిని కాపాడే పద్ధతికి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022లో అనుమతి ఇచ్చింది, పిల్లల కేసైతే క్యాన్సర్ డాక్టర్‌ని ఈ మాట అడగండి.

రెండో గుంపు ఇమ్యూన్ సిస్టమ్ తన చెవిని తానే కొట్టుకోవడం. బ్రయాన్ మెక్‌కేబ్ అనే డాక్టర్ 1979లో 18 మంది పేషెంట్లని చూసి దీన్ని ప్రత్యేకమైన జబ్బుగా రాశారు, ఇప్పుడు ఆటోఇమ్యూన్ ఇన్నర్ ఇయర్ డిసీజ్ అంటున్నాం. నాది ఇదే. మొత్తం వినికిడి లోపాల్లో ఇది ఒక శాతం లోపే, కానీ మందుతో వెనక్కి తేగలిగిన అతి కొద్ది లోపలి చెవి జబ్బుల్లో ఇదొకటి, అందుకే మిస్ కాకూడదు. దీన్ని ఖాయం చేసే బ్లడ్ టెస్ట్ లేదు, 68 కిలోడాల్టన్ ప్రోటీన్ మీద యాంటీబాడీ అని ఒకటి చేసేవాళ్లు, నమ్మదగ్గది కాదని తేలింది. వేరే కారణాలు లేవని తేల్చి, స్టెరాయిడ్ వేసి చూస్తారు, లేస్తే అదే జబ్బు అనుకుంటారు, అంతే.

ఇదే గుంపులో చెవి ఒక్కటే కాకుండా ఒళ్లంతా పట్టే జబ్బులు కూడా ఉంటాయి, వాటిని పట్టుకోవడానికి చెవి వదిలి మిగతా ఒళ్లు చూసుకోండి. కళ్లు ఎర్రబడి వెలుతురు చూడలేకపోతూ తల గిర్రున తిరిగితే కోగన్ సిండ్రోమ్, ఇందులో కొందరికి గుండె నుంచి వచ్చే పెద్ద ధమని కూడా వాస్తుంది. చూపులో ఒక ముక్క మాయమవడం, కొత్తగా తలనొప్పి, మనిషి మతిమరుపుగా వింతగా ప్రవర్తించడం ఉంటే సుసాక్ సిండ్రోమ్. ముక్కులో పొక్కులు కట్టి రక్తం రావడం, ఎంతకీ తగ్గని మధ్య చెవి నీరు, మూత్రంలో రక్తం ఉంటే ఆంకా వాస్కులైటిస్ (ఇమ్యూన్ సిస్టమ్ రక్తనాళాల్ని కొట్టే జబ్బు), ఇందులో ముందు గ్రోమెట్ (కర్ణభేరిలో పెట్టే చిన్న గొట్టం) వేసి నెలలు గడిపేస్తారు, లోపల చెవి పోతూ ఉంటుంది. చెవి డొప్ప ఎర్రగా వాచి నొప్పి పుట్టి కింది తమ్మె మాత్రం బాగానే ఉంటే రిలాప్సింగ్ పాలీకాండ్రైటిస్. కనుబొమలు, రెప్పలు తెల్లబడితే వోగ్ట్ కొయనాగి హరాడా. ఇమ్యూన్ సిస్టమ్ ఒళ్లంతా కొట్టే లూపస్ కూడా ఈ గుంపులోదే.

ఇన్‌ఫెక్షన్లలో సిఫిలిస్ పేరు ఎత్తగానే జనం సిగ్గుపడతారు, టెస్ట్ వద్దంటారు. వద్దనకండి. ఎందుకంటే ఇది ఏ దశలోనైనా చెవిని పట్టుకోగలదు, పైగా పెన్సిలిన్‌తో నయమయ్యే కారణం. ఇవి కాక గవద బిళ్లలు, హెచ్ఐవీ, చెవి చుట్టూ పొక్కులతో వచ్చే రామ్సే హంట్ ఉన్నాయి. మెనింజైటిస్ తర్వాత వచ్చే చెవుడు వేరే కథ, కాక్లియా లోపల వారాల్లోనే ఎముక పెరిగి మూసుకుపోవచ్చు, అందుకని కాక్లియర్ ఇంప్లాంట్ (కాక్లియాలో పెట్టి వినికిడి నరానికి శబ్దం అందించే పరికరం) వేయాలా అనే మాట వెంటనే మాట్లాడాలి, ఆర్నెల్లు ఆగి కాదు.

మూడో గుంపు గడ్డలు, ఆకారంలో లోపాలు. వినికిడి నరం మీద వచ్చే ష్వానోమా, మెదడు పొరల్లోకి పాకిన క్యాన్సర్, పిల్లల్లో వెస్టిబ్యులర్ ఆక్విడక్ట్ (లోపలి చెవి నుంచి వెళ్లే సన్న ఎముక కాలువ) వెడల్పుగా ఉండటం, ఈ పిల్లలకి తలకి చిన్న దెబ్బ తగిలినా వినికిడి ఒక మెట్టు పడుతుంది. పిల్లల్లోనే రైబోఫ్లేవిన్ ట్రాన్స్‌పోర్టర్ లోపం అని చాలా అరుదైనది, చెవుడుతో పాటు చేతుల బలహీనత, ఊపిరి ఇబ్బంది వస్తాయి, దానికి మందు పెద్ద డోసు బీ2 విటమిన్, త్వరగా మొదలుపెడితే ప్రాణం నిలబడుతుంది.

ఏ టెస్టులు అడగాలి

గడోలినియం అనే కాంట్రాస్ట్ మందు ఎక్కించి తీసే ఎంఆర్ఐ, చెవి లోపలి కాలువలు మెదడు కాండం కనపడేలా. మామూలు సీటీ స్కాన్ చాలదు. రక్తంలో సీబీసీ, ఒంట్లో వాపు చూపే ఇఎస్ఆర్, సీఆర్‌పీ, ఇమ్యూన్ జబ్బులు పట్టుకునే ఏఎన్ఏ, ఆంకా, సిఫిలిస్ టెస్టు, హెచ్ఐవీ, షుగర్, థైరాయిడ్, క్రియాటినిన్, యూరిన్. స్టెరాయిడ్ పెద్ద డోసులో నెలల పాటు పడుతుంది కాబట్టి హెపటైటిస్ బీ, టీబీ కూడా. రిపోర్టులన్నీ వచ్చాకే స్టెరాయిడ్ అని ఎవరైనా వారం ఆపితే "ఈలోపు మొదలుపెడితే నష్టం ఏంటండి?" అని అడగండి, చాలా కేసుల్లో రక్తం ఇచ్చేసి అదే రోజు మాత్ర మొదలుపెట్టవచ్చు.

స్టెరాయిడ్ అసలు ఎలా వాడతారు

సడన్‌గా 72 గంటల్లో పోయిన కేసులో ప్రెడ్నిసోలోన్ కిలోకి 1 మిల్లీగ్రాము చొప్పున, రోజుకి 60 మించకుండా, మొత్తం ఒకేసారి పొద్దున, 7 నుంచి 14 రోజులు పూర్తి డోసు, తర్వాత మెల్లగా తగ్గింపు. అమెరికా ఈఎన్‌టీ అకాడమీ 2019 గైడ్‌లైన్ ప్రకారం మొదటి రెండు వారాల్లోపు మొదలుపెట్టవచ్చు. 60 ప్రెడ్నిసోలోన్‌కి సమానం 48 మిథైల్‌ప్రెడ్నిసోలోన్, లేదా సుమారు 10 డెక్సామెథాసోన్. ఇక్కడే జరిగే పొరపాటు ఏంటంటే అలర్జీకి ఇచ్చినట్టు చిన్న డోసు ఐదారు రోజులు ఇచ్చి స్టెరాయిడ్ వాడాం పనిచేయలేదు అని రాసేస్తారు. చీటీ మీద మిల్లీగ్రాములు మీ బరువుతో పోల్చి చూసుకోండి. అలాగని ఎక్కువైతే ఎక్కువ ఫలితం అనుకోకండి, జర్మనీలో చేసి 2024లో ప్రచురించిన ట్రయల్‌లో 250 మిల్లీగ్రాములు నరంలోకి ఇచ్చినవాళ్లకీ 60 మాత్ర వేసుకున్నవాళ్లకీ వినికిడిలో తేడా రాలేదు, సైడ్ ఎఫెక్టులు మాత్రం ఎక్కువొచ్చాయి. నిజం చెప్పాలంటే సడన్ కేసుల్లో చాలామందికి ఏ మందూ లేకుండా కూడా కొంత వెనక్కి వస్తుంది, అందుకే స్టెరాయిడ్ ఎంత గొప్పదో డాక్టర్లలోనే వాదన ఉంది. కానీ వేరే మెరుగైన దారి లేదు, అందుకని వేస్తారు.

వారాల మీద రెండు చెవులూ జారే ఆటోఇమ్యూన్ కేసు లెక్క వేరు. ఇక్కడ 60 మిల్లీగ్రాములు ఒక వారం కాదు, నాలుగు వారాలు. నాలుగు వారాలకి గ్రాఫ్ లేవకపోతే త్వరగా తగ్గించి ఆపేస్తారు, లేస్తే చాలా మెల్లగా దించుతారు. సగానికి పైగా మందికి మొదట్లో రెస్పాన్స్ ఉంటుంది. అసలు చిక్కంతా డోసు దించడంలోనే. నాకు 60 మీద ఎడమ చెవి దాదాపు పూర్తిగా వచ్చింది, 20 దగ్గరికి దించగానే వారంలో మళ్లీ హోరు మొదలై గ్రాఫ్ దిగింది, మళ్లీ పైకి ఎక్కించారు, ఇలా మూడు సార్లు. నా డైరీలో ఆ నంబర్లు ఉన్నాయి కాబట్టి నాకు ఏ డోసు దగ్గర పడిపోతుందో డాక్టర్‌కి కనపడింది, తర్వాత ప్లాన్ దాని మీదే వేశారు.

పెద్ద డోసు మీద ఏం జరుగుతుందో కూడా వినండి. నిద్ర రాదు, అందుకే పొద్దున్నే టిఫిన్ తర్వాత వేసుకోమంటారు. ఆకలి, మొహం ఉబ్బడం, చిన్నదానికే కోపం, కొందరికి విపరీతమైన హుషారు. షుగర్ లేనివాళ్లకి కూడా షుగర్ పెరుగుతుంది, అది ఎక్కువగా పొద్దున పరగడుపున కాదు, మధ్యాహ్నం సాయంత్రం చూస్తే పట్టుపడుతుంది. బీపీ, కంటి ప్రెషర్ చూపించుకోవాలి. రోజుకి 20 మిల్లీగ్రాములు అంతకన్నా ఎక్కువ నాలుగు వారాలు దాటితే ఒక రకం న్యుమోనియా రాకుండా కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ కావాలా అని, ఎముకలకి కాల్షియం, విటమిన్ డీ కావాలా అని అడగండి. తుంటిలో గజ్జల్లో కొత్తగా నొప్పి వస్తే కండరం పట్టిందిలే అనుకోకుండా చెప్పండి, స్టెరాయిడ్ వల్ల తుంటి ఎముక తలకాయకి రక్తం ఆగిపోవడం ఉంటుంది. మూడు నాలుగు వారాలు వాడాక ఒక్కసారిగా ఆపేయడం అస్సలు చేయకండి, ఒంట్లో తయారయ్యే స్టెరాయిడ్ నిద్రపోయి ఉంటుంది, అది లేచేలోపు మనిషి కుప్పకూలిపోగలడు.

చెవిలోకి ఇచ్చే ఇంజెక్షన్

మాత్ర పడనివాళ్లకి, షుగర్ కంట్రోల్‌లో లేనివాళ్లకి, మాత్ర వేసినా సరిగ్గా లేవని చెవికి కర్ణభేరి గుండా స్టెరాయిడ్ ఇస్తారు. సడన్ కేసులో మాత్రతో పూర్తిగా రాకపోతే రెండు నుంచి ఆరు వారాల మధ్య ఈ రెండో ప్రయత్నం చేయమని గైడ్‌లైన్ చెప్తుంది. 2011లో వచ్చిన ఒక ట్రయల్‌లో 250 మందిని సగం సగం చేసి ఒకరికి మాత్ర, ఒకరికి రెండు వారాల్లో నాలుగు ఇంజెక్షన్లు ఇస్తే ఫలితం దాదాపు సమానంగా వచ్చింది, కాబట్టి షుగర్ ఉన్నవాళ్లు దీన్ని మొదటి మందుగానే అడగొచ్చు.

పేరు వింటే భయం వేస్తుంది గానీ ఎలా ఉంటుందో చెప్తా. చెవి పైకి వచ్చేలా పక్కకి పడుకోబెడతారు, కర్ణభేరి మీద మత్తు మందు పెట్టి కాసేపు ఆగుతారు. మైక్రోస్కోప్‌లో చూస్తూ సన్న సూదితో అర మిల్లీలీటరు అటూ ఇటూగా మందు వదులుతారు, చిన్న చురుకు, చెవిలో బుడబుడ. మందు ఒంటి వేడికి తెచ్చి ఇవ్వాలి, నాకు రెండోసారి ఫ్రిజ్ చల్లదనంతోనే వేసేశారు, గది మొత్తం బొంగరంలా తిరిగింది, అందుకే అప్పట్నుంచి "వెచ్చగా ఉందా అండి" అని ముందే అడుగుతా. తర్వాత 20, 30 నిమిషాలు కదలకుండా, మాట్లాడకుండా, వీలైనంత వరకు గుటక వేయకుండా పడుకోవాలి, గుటక వేస్తే మందు గొంతులోకి జారిపోతుంది, చేదుగా తెలుస్తుంది. మందు చెవి లోపలి కిటికీ పొర గుండా ఊరాలంటే ఆ అరగంట కావాలి. ఆ చెవిలోకి నీళ్లు పోకుండా చూసుకోవాలి, సూది పడ్డ చిల్లు చాలామందికి దానంతటదే పూడుతుంది.

స్టెరాయిడ్ దించలేకపోతే

ఇక్కడ ఆశలు కొంచెం తగ్గించుకోవాలి. ఆటోఇమ్యూన్ చెవికి మెథోట్రెక్సేట్ (ఇమ్యూన్ సిస్టమ్‌ని అణిచే మందు) బాగా పనిచేస్తుందని చాలా ఏళ్లు అనుకున్నారు, 2003లో వచ్చిన ట్రయల్‌లో స్టెరాయిడ్‌తో వచ్చిన వినికిడిని నిలబెట్టడంలో అది డమ్మీ మాత్ర కన్నా మెరుగ్గా ఏం చేయలేదు. అలాంటిదే ఇంకో మందు ఎటనర్సెప్ట్ కూడా నిరాశపరిచింది. అనాకిన్రా, రిటుక్సిమాబ్, ఇన్‌ఫ్లిక్సిమాబ్, అజథయోప్రిన్, మైకోఫెనోలేట్ వాడతారు, కానీ వెనకున్న సాక్ష్యం చిన్న చిన్న గ్రూపులదే, కాబట్టి ఎవరైనా గ్యారంటీ ఇస్తే నమ్మకండి. అదే ఆంకా వాస్కులైటిస్, కోగన్, సుసాక్ లాంటి ఒళ్లంతా పట్టే జబ్బుల్లో పరిస్థితి వేరు, అక్కడ రిటుక్సిమాబ్, సైక్లోఫాస్ఫమైడ్ లాంటివి చెవి కోసమే కాదు, కిడ్నీ, కన్ను, మెదడు కోసం, వాటికి వెనకాడకూడదు. వీటికి ఈఎన్‌టీ ఒక్కరే చాలరు, ఇమ్యూన్ జబ్బులు చూసే రుమటాలజిస్ట్ కూడా చేయి వేయాలి.

మెథోట్రెక్సేట్ రాస్తే ఒక్క జాగ్రత్త, అది వారానికి ఒక్కసారి వేసుకునే మందు, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు. ఏ రోజు వేసుకోవాలో చీటీ మీద పెద్ద అక్షరాలతో రాయించుకోండి, ఫోలిక్ యాసిడ్ అడగండి. పిల్లల్ని కనాలనుకునేవాళ్లు ముందే చెప్పాలి. ఈ మందుల మీద ఉన్నప్పుడు లైవ్ వ్యాక్సిన్లు వేయించుకోకూడదు.

సిఫిలిస్ అని తేలితే పెన్సిలిన్ జీ నరంలోకి రోజుకి 18 నుంచి 24 మిలియన్ యూనిట్లు, 10 నుంచి 14 రోజులు, దాంతో పాటు చాలామంది డాక్టర్లు స్టెరాయిడ్ కూడా ఇస్తారు, కానీ స్టెరాయిడ్ ఒక్కటే ఇచ్చి ఊరుకుంటే జబ్బు దాక్కుంటుంది. బాక్టీరియా మెనింజైటిస్‌లో మొదటి యాంటీబయాటిక్‌కి ముందో దాంతో పాటో డెక్సామెథాసోన్ ఇస్తే వినికిడి పోయే అవకాశం తగ్గుతుంది, అది ఎమర్జెన్సీ వాళ్లు చూసుకునే పని.

ఇక మనకి రాసే మిగతావి. యాంటీవైరల్ మాత్రలు, రక్తం గడ్డల్ని కరిగించే మందులు, రక్తనాళాలు వెడల్పయ్యే మందులు సడన్ కేసులో అలవాటుగా రాయొద్దని అదే 2019 గైడ్‌లైన్ చెప్తుంది. బీటాహిస్టిన్ తల తిరుగుడికి రాస్తారు, పోయిన వినికిడి దాంతో రాదు. "నరాల బలానికి" అని ఇచ్చే విటమిన్ మాత్రలు లోపం లేనివాళ్లకి చేసేదేం లేదు, వేసుకుంటే నష్టం కూడా పెద్దగా లేదు, కానీ వాటి మీద నెల రోజులు గడిపేస్తే ఉంది నష్టం, నా మొదటి 18 రోజుల్లాగా. హైపర్‌బారిక్ ఆక్సిజన్ అంటే గాలి ఒత్తిడి పెంచిన గదిలో కూర్చోబెట్టి రోజుకి గంటన్నర చొప్పున ఆక్సిజన్ ఇవ్వడం, సడన్ కేసులో స్టెరాయిడ్‌తో కలిపి మొదటి రెండు వారాల్లో అయితే ఒక ఆప్షన్, ఒంటరిగా కాదు.

చెవి నిలబడకపోతే

మందుల మీద ఉండగానే హియరింగ్ ఎయిడ్ ట్రై చేయండి, మందులు అయిపోయాక చూద్దాం అనుకోవద్దు. వినికిడి ఊగుతూ ఉంటుంది కాబట్టి ప్రోగ్రామ్ మార్చగలిగేది తీసుకోండి, ప్రతి కొత్త గ్రాఫ్‌కి సెట్ చేయించుకోవాలి. మాటల శాతం బాగా పడిపోయి ఎయిడ్ పెట్టినా అర్థం కాకపోతే కాక్లియర్ ఇంప్లాంట్ అడగండి, ఆటోఇమ్యూన్ కేసుల్లో వినికిడి నరం సాధారణంగా బాగానే ఉంటుంది కాబట్టి ఫలితం మంచిగా వస్తుంది. నా కుడి చెవికి అదే వేశారు, మొదటి వారం ఇంట్లో అందరూ రేకు డబ్బాలోంచి మాట్లాడినట్టు ఉండేది, మూడో నెలకి ఫోన్ ఆ చెవికి పెట్టుకోగలిగా.

ఇంప్లాంట్ దాకా వెళ్తుంటే రెండు పనులు ముందే అయిపోవాలి. న్యూమోకాకల్ వ్యాక్సిన్ వేయించుకోవడం, ఎందుకంటే ఇంప్లాంట్ ఉన్నవాళ్లకి మెనింజైటిస్ రిస్క్ కొంచెం ఎక్కువ. రెండోది ఎంఆర్ఐ పెండింగ్ ఉంటే ఇప్పుడే తీయించేయడం, లోపల అయస్కాంతం పెట్టాక ఆ వైపు బొమ్మలో పెద్ద నల్ల మచ్చ పడుతుంది, తర్వాత ఆ చెవి దగ్గర గడ్డ ఉందా లేదా చూడాలన్నా సరిగ్గా కనపడదు.